జాగ్రత్త: కర్బన ఉద్గారాల లెక్క కొనే ముందు గుణకాల పట్టిక తెరిపించి చూడండి

మా ఫౌండ్రీ వాడే కరెంటు వల్ల వెలువడే కర్బన ఉద్గారాలను గంటవారీగా లెక్కగట్టి ఇస్తామన్న ఒక సేవా సంస్థకు ఏడాది రుసుము ముందుగానే చెల్లించి నష్టపోయాం. ఇలాంటి సేవ కోసం బేరమాడుతున్నవారు సంతకం పెట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను.

నివేదిక చూడముచ్చటగానే ఉంది. అనుమానం వచ్చి దాని వెనకున్న పట్టిక తెరిపించాం. ఏడాదికి 8,760 గంటలు కనుక 8,760 వరుసలున్నాయి. మీటరు రీడింగు వరుసవరుసకూ మారుతోంది గానీ, పక్కనున్న ఉద్గార గుణకం (ఒక యూనిట్ కరెంటుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో చెప్పే అంకె) మాత్రం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒకే అంకె. గ్రిడ్ వార్షిక సగటును తెచ్చి అన్ని గంటలకూ అతికించారన్నమాట.

బొగ్గుతో ఒక యూనిట్ తయారైతే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, కంబైన్డ్ సైకిల్ గ్యాస్ కేంద్రంలో సుమారు 400 గ్రాములు, సౌర ఫలకం దగ్గర ఇంధనమే మండదు. కాబట్టి సౌర విద్యుత్తు వెల్లువెత్తే మధ్యాహ్నం వాడిన యూనిట్‌కూ, బొగ్గు కేంద్రాలు భారం మోసే రాత్రి వాడిన యూనిట్‌కూ ఒకే గుణకం చెల్లదు. మా కొలిమి నడిచేది రాత్రి షిఫ్టులో. దాన్ని పగటికి మారిస్తే ఉద్గారాలు ఎంత తగ్గుతాయో తెలుసుకోవడానికే ఈ లెక్క కొన్నాం. గుణకం ఒక్కటే అయినప్పుడు ఏ షిఫ్టులో నడిపినా జవాబు మారదు! విచిత్రమేమిటంటే, తాము అమ్మే బ్యాటరీ వల్ల కలిగే ఆదా చూపించేటప్పుడు మాత్రం వారు సగటును పక్కనపెట్టి, వాడకం ఒక యూనిట్ తగ్గితే ఏ కేంద్రం ఉత్పత్తి తగ్గించుకుంటుందో చూసే ఉపాంత గుణకాన్ని బయటికి తీశారు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదానితో కట్టిన ఉద్గారాల్లోంచి మరొకదానితో కట్టిన ఆదాను తీసివేయడం లెక్క కాదు.

లైన్లలో విద్యుత్ ప్రవాహాన్ని జాడ తీసి మా వాటా తేలుస్తామని కూడా ప్రకటించుకున్నారు. సబ్‌స్టేషన్‌లోకి వచ్చే ప్రవాహాలన్నీ తొట్టిలో నీళ్లలా కలిసిపోయి, బయటికెళ్లే ప్రతి లైనులోనూ అదే నిష్పత్తిలో ఉంటాయన్న ఊహ మీద ఆధారపడిన పద్ధతి అది. ఊహే అయినా పనికొచ్చేదే, కానీ ఏ గంటకు ఆ గంట లైన్లలో ఎంత ప్రవహించిందో తెలియాలి. ఆ సమాచారం వారి దగ్గర ఒక్క గంటకు కూడా లేదు.

ఇక ముఖచిత్రం మీది "సున్నా ఉద్గారాలు" సౌర ధ్రువపత్రాలతో, అంటే ఇన్ని యూనిట్ల సౌర విద్యుత్తు తయారైందని చెప్పే, కొనుక్కోగల పత్రాలతో వచ్చింది. ఉద్గారాల లెక్కకు అంతర్జాతీయంగా వాడే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ 2015లో తెచ్చిన స్కోప్-2 (కొన్న విద్యుత్తు తాలూకు ఉద్గారాల) మార్గదర్శకాల ప్రకారం, ఇలాంటి ధ్రువపత్రాలు చెలామణిలో ఉన్నచోట ఆ పత్రాలను లెక్కలోకి తీసుకునే మార్కెట్ ఆధారిత అంకెతోపాటు గ్రిడ్ సగటు మీద కట్టిన అంకెనూ చూపాలి. మాకు రెండోది ఇవ్వనే లేదు. ఆ ధ్రువపత్రాలు రిజిస్ట్రీలో మా పేరున రద్దయ్యాయా అని అడిగితే రుజువు చూపలేదు. రద్దు కాని పత్రాన్ని మరొకరికీ అమ్మవచ్చు, అప్పుడు ఒకే యూనిట్ ఇద్దరి ఖాతాల్లో సున్నాగా నమోదవుతుంది.

రుసుము వెనక్కి ఇమ్మని అడిగాం. ఒప్పందంలోని "గంటవారీ" అన్న మాట మీటరు రీడింగులకే వర్తిస్తుందనీ, గుణకాలకు కాదనీ జవాబిచ్చారు. మళ్లీ చదివితే నిజంగానే అలాగే రాసి ఉంది.