సెకండ్ హ్యాండ్ చిన్న కారులో ఏ గేరుబాక్సు? విశాఖ ఎత్తుపల్లాల్లో ఏఎంటీతో నా అనుభవం

సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవారు ‘ఆటోమేటిక్’ అని ఒక్క మాటలో చెప్పేస్తారు గానీ, నడిచే తీరులోనూ మరమ్మతు ఖర్చులోనూ ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు రకాల గేరుబాక్సులు ఆ పేరుతో చలామణీ అవుతున్నాయి. వాటిలో అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే ఎక్కువ నిందలు మోసేదీ అయిన ఏఎంటీని (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) విశాఖపట్నంలో కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నాది వేరొకరు వాడి అమ్మిన చిన్న హ్యాచ్‌బ్యాక్. ఏ కంపెనీదన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు.

ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేరుబాక్సే. లోపల అవే గేర్లు, అదే క్లచ్ ప్లేటు ఉంటాయి. క్లచ్ తొక్కి గేరు మార్చే పనిని మాత్రం కంప్యూటరు చెప్పినట్టు యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. మన దేశంలో 2014లో సెలెరియోతో మొదలైన ఈ ఏర్పాటు తరువాత క్విడ్, టియాగో, శాంత్రో వంటి కార్లకూ వచ్చింది. ఎన్‌ఏడీ కూడలి నుంచి గాజువాక వెళ్లే రద్దీలో ఎడమ కాలికి పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి ఒక్క క్షణం తటపటాయించే మాట నిజమే అయినా, ఆ సమయంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే ఆ కుదుపు చాలావరకు తగ్గుతుంది.

అసలు పరీక్ష ఎత్తుల మీద ఎదురవుతుంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ముందు బస్సు ఆగితే, బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తోనే నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా నిలబెట్టినంతసేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది, ప్లేటు అరుగుతుంది. బ్రేకుతోనో హ్యాండ్‌బ్రేకుతోనో ఆపి, బయలుదేరేటప్పుడే వదలాలి. శృంగవరపుకోట దాటాక వచ్చే అనంతగిరి ఘాట్‌లో నేను మాన్యువల్ మోడ్‌లోకి మార్చి, వంపులను బట్టి రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచుతాను. దిగేటప్పుడు కూడా అదే గేరు బండిని పట్టి ఉంచుతుంది కనుక బ్రేకుల మీద భారం తగ్గుతుంది.

నా కారుకు క్లచ్ మార్పించాల్సి వచ్చింది. కొత్త క్లచ్ వేశాక కూడా బండి కదిలేటప్పుడు వణుకుతుండటంతో, ఆ వర్క్‌షాపువారు యాక్చుయేటర్ మొత్తం మార్చాలని పెద్ద అంచనా చేతిలో పెట్టారు. ఏఎంటీ పనిలో అనుభవం ఉన్న మరో మెకానిక్ స్కానర్ తగిలించి, కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకు తిరిగి నేర్పించే కాలిబ్రేషన్ చేయగానే వణుకు పోయింది. అందుకే సెకండ్ హ్యాండ్ ఏఎంటీ కొనేముందు కారు కంటే ముందుగా, మీ ప్రాంతంలో ఈ పని తెలిసినవారు ఉన్నారో లేదో చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మిగిలిన మూడు రకాల్లో, ఎత్తుల మీద నిశ్చింతగా నడవాలంటే టార్క్ కన్వర్టరే మేలు. ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా అందుతుంది కనుక అరిగిపోయే ఆ క్లచ్ ప్లేటు బెడద అక్కడ ఉండదు. పాత గ్రాండ్ ఐ10 ఆటోమేటిక్‌లో ఉన్నది ఇదే. మైలేజీ కొంత తక్కువ. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది కనుక గేరు మారిన కుదుపు అసలు తెలియదు గానీ, దాని కోసమే తయారైన ఆయిల్ తప్ప మరొకటి పోయకూడదు. ఆయిల్ మార్పించిన బిల్లు చూపలేని సీవీటీ కారును నేనైతే ముట్టుకోను. రెండు క్లచ్‌ల డీసీటీ వేగంలో మేటి, కానీ అందులో ఆయిల్‌లో మునగని పొడి క్లచ్ రకం నత్తనడక ట్రాఫిక్‌లో త్వరగా వేడెక్కుతుంది.

పేరు చూసి మోసపోయే ప్రమాదమూ ఉంది. 2015లో వచ్చిన బలెనో ఆటోమేటిక్‌లో సీవీటీ ఉంటే, 2022 నాటి కొత్త బలెనోలో ఏఎంటీ ఉంది. 2013 నాటి పోలో జీటీ టీఎస్‌ఐలో ఏడు గేర్ల పొడి క్లచ్ డీసీటీ ఉంటే, 2020లో వచ్చిన 1.0 టీఎస్‌ఐ ఆటోమేటిక్‌లో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంది. కనుక తయారైన సంవత్సరాన్ని ఆర్‌సీలో చూసి, ఆ ఏడాది ఆ మోడల్‌లో ఏ గేరుబాక్సు వచ్చిందో తేల్చుకున్నాకే బేరానికి కూర్చోవాలి. చాలా ఏఎంటీ కార్ల లీవరుపై ‘పి’ (పార్కింగ్) స్థానం ఉండదు, అది ఒక గుర్తు.

టెస్ట్ డ్రైవ్‌కు బీచ్ రోడ్డు సాఫీ దారి ఏ కారునైనా మంచిదిగానే చూపిస్తుంది. కైలాసగిరి రోడ్డుకు పోనివ్వమని అడగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, ఎత్తు మీద ఆపి బయలుదేరి, రివర్స్‌లోనూ ఎక్కించి చూడాలి. కాలిన వాసన వచ్చినా, ఇంజిన్ శబ్దం పెరిగి బండి ముందుకు సాగకపోయినా క్లచ్ చివరి దశలో ఉన్నట్టే. అప్పుడు క్లచ్ సెట్టు, కూలి, కాలిబ్రేషన్ కలిపి ఎంతవుతుందో మెకానిక్‌ను ఫోనులో అడిగి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనాలి.