వేగస్‌లో రూమ్ చీప్‌గా వస్తోందని బుక్ చేసేముందు ఇది చదవండి

వేగస్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు కదా ఒకసారి చూపించేద్దాం అనుకునేవాళ్ల కోసం. మేం 2025 ఫిబ్రవరిలో వెళ్లాం, నేను, మా ఆయన, అమ్మ, నాన్న, మూడు రాత్రులు. స్ట్రిప్ (పెద్ద కాసినో హోటళ్లన్నీ వరసగా ఉండే మెయిన్ రోడ్డు) మీదే ఒక పెద్ద హోటల్లో వీక్‌డేస్‌లో రాత్రికి 39 డాలర్లే అని కనిపించింది, రెండు రూములు తీసుకున్నా పెద్ద ఖర్చేం లేదులే అని వెంటనే బుక్ చేసేశా.

చెకిన్ దగ్గర బిల్లు సరిగ్గా చూస్తే రిసార్ట్ ఫీజు అని రాత్రికి 50 డాలర్లు, అదీ ఒక్కో రూముకి. రూము కంటే ఫీజే ఎక్కువ, పైగా ఆ ఫీజు మీద కూడా 13.38 శాతం రూమ్ ట్యాక్స్. అన్నీ కలిపితే 39 డాలర్ల రూము దాదాపు 101 అయ్యి కూర్చుంది. వైఫైకి, జిమ్‌కి అన్నారు, మేం జిమ్‌కి వెళ్లం ఆ ఫీజు వద్దు అంటే కుదరదన్నారు. తర్వాత 2025 మే 12 నుంచి ఫెడరల్ రూల్ వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ ఫీజు కలిపిన రేటే ముందు చూపించాలి, అది మంచిదే, కానీ ట్యాక్స్ ఇంకా విడిగానే వేయొచ్చు, పార్కింగ్ చాలా హోటళ్లలో వేరే, డిపాజిట్ కింద కార్డు మీద హోల్డ్ పెడతారు అది మనం ఇంటికొచ్చిన కొన్ని రోజులకి గానీ వదలదు. దానికి డెబిట్ కార్డు మాత్రం ఇవ్వకండి, మన అకౌంట్లో డబ్బే ఇరుక్కుపోతుంది. ప్లేయర్స్ కార్డు (కాసినో వాళ్లిచ్చే మెంబర్‌షిప్ కార్డు) ఉంది కదా మీకు రూమ్ ఫ్రీ అని మెయిల్ వచ్చినా సరే రిసార్ట్ ఫీజు ఉందా లేదా అడిగి మరీ బుక్ చేయండి.

ఇక ఆట సంగతి. మా ఆయనకి బ్లాక్‌జాక్, అంటే ముక్కల మొత్తం 21 దాటకుండా దానికి దగ్గరగా తెచ్చుకునే పేకాట, బాగానే వచ్చు. ఆటకి కనీసం 25 డాలర్లు పెట్టాల్సిన టేబుల్ దగ్గర కూర్చున్నారు, కాసేపటికి ఏస్, కింగ్ పడ్డాయి, ఆ ఆటలో అంతకంటే మంచి ముక్కలు ఉండవు, వాటినే బ్లాక్‌జాక్ అంటారు. డీలర్ ఒక పచ్చ చిప్, ఒక ఎర్ర చిప్ ముందుకి జరిపింది. పచ్చది 25, ఎర్రది 5, మొత్తం 30. 37.50 రావాలి కదండీ అని అడిగితే ఆవిడ ఏమీ అనకుండా టేబుల్ గుడ్డ మీద అక్షరాలు వేలితో చూపించింది, బ్లాక్‌జాక్‌కి 6 టు 5 అని, అంటే 5 పెడితే 6 ఇస్తారు. పాత లెక్క 3 టు 2, అంటే 2 పెడితే 3. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ జాగ్రత్తగా ఆడేవాడి మీద కాసినోకి మామూలుగా పెట్టిన డబ్బులో అర శాతం అటూఇటూగా మిగిలే ఆట అది, ఈ ఒక్క మార్పుతో ఇంకో 1.4 శాతం దాకా వాళ్ల వైపు పోతుంది. చిన్న బెట్ల టేబుళ్లలో ఎక్కువ ఇవే. దయచేసి కూర్చునే ముందు ఆ గుడ్డ మీద ఏం రాసుందో చదవండి.

రూలెట్ (తిరిగే చక్రంలో బంతి ఏ నంబరు దగ్గర ఆగుతుందో పందెం కాసే ఆట) కూడా అంతే, చక్రం మీద ఎన్ని సున్నాలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్క సున్నా ఉంటే కాసినో వాటా 2.70 శాతం, రెండుంటే 5.26, ఇప్పుడు స్ట్రిప్‌లో మూడు సున్నాల చక్రాలు కూడా పెట్టారు, వాటిలో 7.69. స్పిన్‌కి 15 డాలర్లు, గంటకి 40 స్పిన్లు అనుకుంటే 600 డాలర్లు తిప్పినట్టు, అంటే సగటున రెండు సున్నాల దాని మీద గంటకి దాదాపు 32, మూడు సున్నాల దాని మీద 46 పోతాయి. ఒక రాత్రి గెలవొచ్చు, గెలిచినవాళ్లని కళ్లారా చూశాం, కానీ ట్రిప్ ఖర్చు అక్కడే రాబట్టుకుందాం అనే ఆలోచన ఉంటే మాత్రం ఆ ట్రిప్ అస్సలు వద్దు. మేం అలా అనుకునే రెండో రాత్రి క్రెడిట్ కార్డు మీద 500 తీశాం. అక్కడి మెషిన్ ఫీజు ఒకటి, బ్యాంకు క్యాష్ అడ్వాన్స్ ఫీజు ఇంకోటి, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. ఆ 500 గంటన్నరలో పోయాయి, ఫీజులు వడ్డీ మాత్రం స్టేట్‌మెంట్‌లో వచ్చాయి.

నాన్న విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ ముందు చెప్పలేదు మాకు. నాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. సరదాగా స్లాట్ మెషిన్ దగ్గర కూర్చుంటే 1,600 డాలర్లు తగిలాయి. పైన లైటు తిరగడం మొదలైంది, మెషిన్ లాక్ అయిపోయింది, అమ్మ అయితే నాన్న భుజం గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. ఒకతను వచ్చి పాస్‌పోర్ట్ అడిగాడు, ఇక్కడ ట్యాక్స్ రెసిడెంట్ కాదు అని తేలగానే 30 శాతం పట్టుకున్నారు, 480 డాలర్లు. చేతికిచ్చింది 1,120. అంతకుముందు మూడు రోజులుగా స్లాట్స్‌లోనే పోగొట్టుకున్నవి అందులోంచి తీసేసి చూపిద్దామంటే కుదరదు, ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. విచిత్రం ఏంటంటే అదే బ్లాక్‌జాక్, రూలెట్‌లో గెలిస్తే విజిటర్స్‌కి ఆ 30 శాతం కోత లేదు. పెద్దవాళ్లు ఎక్కువ స్లాట్స్ దగ్గరే కూర్చుంటారు కాబట్టి ముందే చెప్పి ఉంచండి, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోమనండి.

నడుస్తుంటే ఫ్రీ షో టికెట్లు అని ఆపేవాళ్లతో మాటలు పెట్టుకోకండి, రెండు గంటలు కూర్చోబెట్టి టైమ్‌షేర్ (ఏడాదికి కొన్ని రోజులు వాడుకునేలా రిసార్ట్‌లో వాటా) అంటగడతారు. ఎవరైనా మొహమాటానికి సంతకం పెట్టేసినా నెవాడాలో 5 రోజుల్లోపు రాతపూర్వకంగా క్యాన్సిల్ చేసుకోవచ్చు, ఆ గడువు దాటనివ్వకండి.

మరి వెళ్లొద్దా అంటే అలా అనను. బెలాజియో ముందు ఫౌంటెన్లు ఫ్రీ, లోపల పూలతోట ఫ్రీ, హూవర్ డ్యామ్ కారులో ముప్పావుగంట. అమ్మకి ఇప్పటికీ గుర్తున్నవి ఇవే. వీటి కోసం వెళ్లి, ఆటకి మనిషికింత అని క్యాష్ విడిగా కవర్లో పెట్టుకుని అది పోయినా పర్లేదు అనుకోగలిగితే వెళ్లండి, కార్డులు రూమ్ లాకర్లో పెట్టేయండి.

ఇంకోటి, చెకౌట్‌కి ముందు పూర్తి బిల్లు అడిగి లైన్ లైన్ చూసుకోండి. అమ్మ పెరుగన్నం డబ్బా పెట్టడానికి మినీబార్‌లో రెండు బాటిళ్లు పక్కకి జరిపింది, కింద సెన్సర్లు ఉంటాయని మాకు తెలీదు, తాగని వాటికి 28 డాలర్లు వేశారు. డెస్క్ దగ్గర అడిగితే మారు మాట్లాడకుండా తీసేశారు.