కచ్‌లో ఎంబ్రాయిడరీ చూడాలంటే టూర్ ప్యాకేజీ తీసుకోకండి

గుజరాత్‌లోని కచ్ జిల్లా కేంద్రం భుజ్‌లో మేం దిగిన లాడ్జిలోనే ‘ఎంబ్రాయిడరీ గ్రామాల టూర్’ కుదిర్చిపెడతామని 3,800 రూపాయలు తీసుకున్నారు. గ్రామం మాత్రం ఒక్కటీ చూపించలేదు. హైవే పక్కన ఓ పెద్ద షాపు, దాని ముందు ఫొటోల కోసం కట్టిన రెండు మట్టి గుడిసెలు, గుమ్మంలో ఘాఘ్రా కట్టించి కూర్చోబెట్టిన ఒక పెద్దావిడ. అంతే. ఆవిడ చేతిలో సూది ఉంది, దానికి దారం కూడా ఎక్కించలేదు.

లోపల ఒక దుప్పటి 6,500 చెప్పారు. చేత్తో కుట్టడానికి మూడు నెలలు పట్టిందట. మా వదినకి నల్గొండలో టైలరింగ్ షాపు ఉంది. తిరగేసి చూడగానే వెనకంతా మిషన్ కుట్టు బాబిన్ దారమే. ఏ ఊరి ఆడవాళ్లు కుట్టారని అడిగితే, “కచ్ వర్క్ అంటే అంతా ఒకటే మేడమ్” అన్నాడు షాపతను. ధర కంటే ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. పోనీ చేతికుట్టు చేసే సుమరాసర్ ఊరికైనా తీసుకెళ్లమంటే డ్రైవర్ ఇంకో 1,200 అడిగాడు. మోకాళ్ల నొప్పులతో అంత దూరం వచ్చిన అమ్మ, రాత్రి భోజనాల దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు ట్యాక్సీ మేమే మాట్లాడుకున్నాం, రోజంతా 2,200. ముందు అజ్రఖ్‌పూర్‌లోని లివింగ్ అండ్ లెర్నింగ్ డిజైన్ సెంటర్‌కి వెళ్లాం. శ్రుజన్ సంస్థ 2016లో తెరిచిన మ్యూజియం ఇది. 1969 కరవులో ధనేటి ఊరి ఆహిర్ కులం ఆడవాళ్లు దానం వద్దు, పని ఇప్పించమంటే, కరవు సాయానికి వచ్చిన చందాబెన్ శ్రాఫ్ వాళ్ల చేతికుట్టునే బతుకుదెరువుగా మలిచారు. శ్రుజన్ అలా మొదలైంది. అమ్మమ్మల కుట్టు మనవరాళ్ల దాకా చేరాలని వేర్వేరు కులాల ఆడవాళ్లు కలిసి కుట్టిన వందల ప్యానెళ్లు వీళ్ల దగ్గరున్నాయి. ఆహిర్లది ఒక తీరు, రబారీలది ఒక తీరు, సోఢాలది ఇంకో తీరు. అంతా ఒకటేనన్న ఆ షాపతన్ని ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపించింది.

రబారీల్లోనే ఒక శాఖ అయిన ధెబారియా రబారీల సంగతి వదినని బాగా పట్టేసింది. పిల్ల అత్తారింటికి పట్టుకెళ్లడానికి కుట్టుకోవాల్సిన బట్టలు పెరిగిపోయి కాపురాలే ఏళ్లకేళ్లు ఆలస్యమవుతుంటే, 1995లో కుల పెద్దలు సొంతానికి ఎంబ్రాయిడరీ చేసుకోవడాన్నే నిషేధించారు. ఆడవాళ్లు ఊరుకోలేదు. రిబ్బన్లూ లేసులూ మిషన్ మీద కుట్టి కొత్త సింగారం తయారుచేసుకున్నారు. “మిషన్‌ది తప్పు కాదు, అబద్ధం చెప్పి అమ్మేవాడిది తప్పు” అంది వదిన.

అక్కణ్ణుంచి సుమరాసర్. 1971 యుద్ధం తర్వాత పాకిస్తాన్‌లోని థార్‌పార్కర్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వాళ్లతో వచ్చిన కుట్టు సూఫ్. బట్ట మీద గీత గీయరు, అచ్చు వేయరు. పడుగూ పేకా పోగులు లెక్కపెట్టుకుంటూ వెనక వైపు నుంచి కుడితే ముందు వైపు త్రిభుజాలు తేలతాయి. ఒక్క పోగు తప్పితే వరసంతా విప్పాల్సిందే.

మేం కూర్చున్న ఇంటి వాకిట్లో అత్తా కోడలూ మనవరాలూ ఒకే గుడ్డ చుట్టూ చేరి ఉన్నారు. గోడకి వేలాడదీసే పెద్ద గుడ్డ అది, ముక్కలు కత్తిరించి అతికి కుడుతున్నారు. పెద్దావిడ పాత ఊరి బావినీ, మోకు లాగే గాడిదల్నీ పెట్టింది. కోడలు మూటలెత్తిన ఒంటెల్ని పెట్టింది. ఆ ఊరు ఎన్నడూ చూడని మనవరాలు మధ్యలో నల్లదారంతో సరిహద్దు కంచె కుడుతోంది. గాడిద చెవులు పొట్టిగా వచ్చాయని పెద్దావిడ విప్పించి మళ్లీ కుట్టించింది. ఆ ఊళ్లో గాడిదలు ఎలా ఉండేవో ఆవిడకే తెలుసు, ఆ విషయంలో రాజీ లేదు.

అమ్మది దేవరకొండ దగ్గర ఊరు. తండా ఆడవాళ్ల ఫేటియాల (లంగాల) మీద అద్దాలు చూస్తూ పెరిగింది. భాష రాకపోయినా ఆ ఇంటి పెద్దావిడ పక్కనే కూర్చుని అంచు కుట్టు వేలితో తడిమి చూస్తూ గంటన్నర గడిపింది. సజ్జ రొట్టె, నెయ్యి, బెల్లం పెట్టారు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఒక సూఫ్ కుషన్ కవర్ 1,450కి కొన్నాం, కుట్టినామె పేరు చీటీ మీద ఉంది. వదిన బేరం మొదలుపెట్టబోతే అమ్మే ఆపింది.

కచ్‌లో ఉప్పు పేరుకున్న తెల్ల ఎడారి కూడా బాగుంది, పున్నమికి వెళ్లండి. అక్కడి టెంట్లలో ఒకటి రాత్రికి 9,000 చెప్పారు, అంత పెట్టక్కర్లేదు. భుజ్‌లో 1,600కి శుభ్రమైన గది దొరికింది. మ్యూజియానికి కనీసం మూడు గంటలు కేటాయించండి. సుమరాసర్ ఉదయం పూట వెళ్తే మేలు, మధ్యాహ్నం వాళ్లకి ఇంటి పనులుంటాయి. ఎక్కడ కొన్నా వెనక వైపు తిరగేసి చూడండి, కుట్టినవాళ్ల పేరు అడగండి. పేరు చెప్పలేని చోట కొనకండి.