ప్లాస్టిక్ గోల్డ్ పాన్: చాన్నాళ్లు వాడాక

ఇసుకలోంచి బంగారం కడిగి తీసే ఈ పళ్లెంలో నాకు ప్రాణం దాని గాడులే. లోపలి అంచున ఒక పక్కన మెట్లలా ఉంటాయి. నీళ్లలో ముంచి గట్టిగా అటూ ఇటూ ఊపితే బరువైనది అడుక్కి దిగుతుంది. తర్వాత గాడుల వైపు వంచి పైపైన కడుగుతుంటే తెల్ల ఇసుక జారిపోతుంది, బంగారం గాడిలో ఆగుతుంది. ఇసుక నీటికి రెండున్నర రెట్ల పైచిలుకు బరువు, బంగారం 19 రెట్లు. ఆ తేడా కళ్లముందే తేలిపోతుంటే ఎంతసేపైనా కడగాలనిపిస్తుంది.

ఉండేది విజయవాడ అయినా కృష్ణ ఇసుక మీద ఆశతో కొనలేదు. అనుమతి లేకుండా ఖనిజాల కోసం వెతకడం 1957 నాటి గనుల చట్టం ఒప్పుకోదు కూడా. ఇంట్లోనే తొట్టిలో సాధన చేస్తాను. వన్‌టౌన్‌లో బంగారప్పని చేసే మా బావ, ఆకురాయి పెట్టినప్పుడు రాలే రజను చిటికెడు ఇస్తాడు. ఇసుకలో కలిపి, కడిగి తీసి, తిరిగి ఇచ్చేస్తాను.

కొత్తలో మాత్రం భలే టెన్షన్ పెట్టింది. సన్న రజను మునగకుండా నీటి మీద తేలుతూ అంచు దాటి పోబోయింది. బావ సొత్తాయె!

"బంగారం తేలడమేంటి బావా?" అన్నాను.

ఆయన పళ్లెం లోపల వేలితో రాసి చూపించాడు. జిడ్డు. తయారీలో పళ్లెం అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన నూనె తాలూకు పొర. జిడ్డు తగిలిన సన్న రజనుకి తడి అంటదు, అందుకే నీటి మీదే నిలబడిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో పళ్లెం రుద్ది కడిగాం, తొట్టిలోనూ ఒక చుక్క వేశాం. తేలుతున్న మెరుపులన్నీ చూస్తుండగానే మునిగిపోయాయి. ఈ ఒక్క ముక్క పెట్టె మీద రాసి ఉండాల్సింది.

గాడులు కూడా అన్నిటికీ పనికిరావు. చివర్లో మిగిలే నల్ల ఇసుకలో మాగ్నెటైట్ ఉంటుంది, అంటే అయస్కాంతానికి అతుక్కునే ఇనప ఖనిజం. అది నీటికి 5 రెట్లు బరువు కాబట్టి అదీ గాడిలోనే కూర్చుంటుంది. అప్పుడు నున్నటి వైపు తిప్పి నిదానంగా కడగాల్సిందే. లేదా ఆరబెట్టి, అయస్కాంతానికి కాగితం చుట్టి ఏరాలి. ఇనప పళ్లెంలో అయితే అయస్కాంతం పళ్లేనికే అతుక్కుంటుంది. పీచుతో రుద్దీ రుద్దీ నా పళ్లెంలో గీతలు పడ్డాయి, సన్న రజను వాటిలో ఇరుక్కుంటోంది. మెత్తటి గుడ్డ వాడండి.

ఇంట్లో చేయి తిప్పుకోవడానికైతే, రజను ఇచ్చే బావలాంటివాళ్లు ఉంటే, తప్పకుండా తీసుకోమంటాను. ఏటి ఒడ్డున రాళ్ల మధ్య రోజంతా వాడితే ఎన్నాళ్లు ఆగుతుందో మాత్రం నా తొట్టి అనుభవంతో చెప్పలేను.