సీజీసీ సర్టిఫికేషన్: పరీక్షలో బలమెంత, లోటెక్కడ

అమెరికాలో జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు జబ్బుల రిస్క్ గురించి వివరించి, సలహా ఇచ్చే నిపుణులు) పేరు పక్కన కనిపించే సీజీసీ (సర్టిఫైడ్ జెనెటిక్ కౌన్సెలర్) అన్న అక్షరాలు ఇచ్చేది అమెరికన్ బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్. 1993లో ఏర్పడ్డ ఈ ఏబీజీసీ పరీక్షను మెచ్చుకోవడానికి చాలానే ఉంది. రిస్క్ లెక్కలో తప్పటడుగు వేసేవాళ్లను ఇది ఇట్టే పట్టేస్తుంది. పట్టలేనిది ఒక్కటే, మాట్లాడే నేర్పు.

ముందు అర్హత సంగతి. ఏసీజీసీ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి) గుర్తింపు ఉన్న మాస్టర్స్ కోర్సు చేసి ఉండాలి, సాధారణంగా రెండేళ్లు. ఒట్టి ఎమ్మెస్సీ జెనెటిక్స్‌తో నేరుగా పరీక్షకు కూర్చోవడం కుదరదు. సీటు కోసం చూసేవాళ్లు కాలేజీ పేరుప్రతిష్ఠల కంటే ముందు ఈ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

పరీక్షలో 200 ప్రశ్నలు, నాలుగు గంటలు, అన్నీ బహుళైచ్ఛికాలే. మార్కులు లెక్కకొచ్చేవి 170. మిగతా 30 ప్రశ్నలు ప్రయోగాత్మకంగా పెట్టినవి, అవేవో అభ్యర్థికి తెలియదు. సగటున ప్రశ్నకు 72 సెకన్లు. పెడిగ్రీ (కుటుంబ వృక్షం) గీసి లెక్క కట్టాల్సిన ప్రశ్నకు అంత కంటే ఎక్కువే పడుతుంది కాబట్టి, జ్ఞాపకం మీద చెప్పేయగలిగిన వాటి దగ్గర సమయం మిగుల్చుకోవాలి.

ఎక్కువమంది బోల్తా పడేది బేయస్ లెక్క దగ్గర, అంటే కొత్త సమాచారం వచ్చాక అవకాశాన్ని మళ్లీ లెక్కగట్టడం దగ్గర. ఒకామె అన్నకు సిస్టిక్ ఫైబ్రోసిస్ (తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చే జబ్బు) ఉంది, ఆమెకు లేదు, తల్లిదండ్రులకూ లేదు. 90 శాతం క్యారియర్లను (జబ్బు లేకుండా లోపమున్న జన్యువు ఒక్కటి మోసేవాళ్లను) గుర్తించే టెస్టులో ఆమెకు నెగటివ్ వచ్చింది. ఇంకా క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? జబ్బు లేదని ముందే తెలుసు కాబట్టి నాలుగు కలయికల్లో జబ్బుది పోగా మూడే మిగులుతాయి, వాటిలో రెండు క్యారియర్‌వి; అందుకే మొదటి అవకాశం 1/2 కాదు, 2/3. క్యారియర్ అయివుండి టెస్టు నెగటివ్ రావడం 2/3 × 1/10 = 1/15. క్యారియర్ కాక నెగటివ్ రావడం 1/3, అంటే 5/15. రెండూ కలిపితే 6/15, అందులో క్యారియర్ వాటా 1/6. 1/2తో మొదలుపెట్టినవాళ్లకు 1/11 వస్తుంది. మొత్తంతో భాగించడం మరిచినవాళ్లు 1/15 దగ్గర ఆగిపోతారు. తప్పు జవాబులు కూడా ఇలా చూడటానికి సబబుగానే ఉంటాయి కాబట్టి, ఆప్షన్లు చూడకముందే కాగితం మీద లెక్క తేల్చుకోవడం మేలు.

చట్టాల విషయంలోనూ పైపై చదువు చాలదు. 2008 నాటి జినా చట్టం ఆరోగ్య బీమాలోనూ ఉద్యోగంలోనూ జన్యు వివక్షను అడ్డుకుంటుంది. జీవిత బీమా, వైకల్య బీమా, దీర్ఘకాలిక సంరక్షణ బీమా దాని పరిధిలోకి రావు. 15 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు అందులోని ఉద్యోగ నిబంధనలు వర్తించవు. బీఆర్‌సీఏ (రొమ్ము, అండాశయ క్యాన్సర్ రిస్క్ పెంచే జన్యు మార్పులు చూసే) టెస్టుకు వచ్చిన మనిషికి ఈ తేడా ముందే చెప్పకపోతే నిజంగా నష్టం జరుగుతుంది. అందుకే దీన్ని గట్టిగా నేర్చుకుని తీరాలి.

ఇక లోటు. టెస్టు ఫలితం విని ఏడుస్తున్న తల్లి ఎదుట ఎంతసేపు మౌనంగా ఉండాలో, తన రిపోర్టు సంగతి అక్కకు చెప్పొద్దన్న మనిషితో మాట ఎలా కలపాలో నాలుగు ఆప్షన్లలో తేలేది కాదు. "మొదట ఏం చేస్తారు?" అని అడిగే ప్రశ్నలకు, ఎదుటి మనిషి భావాన్ని ముందు గుర్తించే జవాబును ఎంచుకోవాలని కాస్త సాధన చేసినవాళ్లకు తెలిసిపోతుంది. ఎంచుకోవడం వేరు, ఆ మాట నోట రావడం వేరు. ఆ నేర్పు కోర్సులో తప్పనిసరిగా చేసే కనీసం 50 కేసుల్లోనే రావాలి. పక్కన కూర్చుని చూసే సూపర్‌వైజర్ ఎంత శ్రద్ధగా ఉంటే విద్యార్థి అంత పదునెక్కుతాడు. కోర్సు ఎంచుకునేటప్పుడు పరీక్ష ఉత్తీర్ణత శాతంతో పాటు ఇదీ అడిగి తెలుసుకోవాలి.

సర్టిఫికేషన్ వేరు, లైసెన్సు వేరు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. చాలా రాష్ట్రాల్లో దానికి సీజీసీ కావాలి. పరీక్ష రాయాల్సిన కొత్తవాళ్లకు కొన్నిచోట్ల పర్యవేక్షణ కింద తాత్కాలిక లైసెన్సు దొరుకుతుంది. కాబట్టి ఉద్యోగం ఒప్పుకునే ముందు, పరీక్ష తప్పితే ఆ లైసెన్సు ఏమవుతుందో ఆ రాష్ట్ర నిబంధనల్లో చదువుకోవాలి.

సర్టిఫికేషన్ అయిదేళ్లు చెల్లుతుంది. పునరుద్ధరణకు 12.5 సీఈయూలు, అంటే 125 గంటల నిరంతర విద్య. ఏడాదికి 25 గంటల చొప్పున పూర్తి చేస్తూ, ప్రతి కోర్సు సర్టిఫికెట్టూ అందిన రోజే భద్రపరచుకుంటే చివరి ఏడాది హడావుడి ఉండదు. కోర్సుకు డబ్బు కట్టే ముందు దానికి సీఈయూలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.