తుప్పు పట్టిన యాంగిల్‌కి థిక్‌నెస్ గేజ్: కొనొచ్చు, రంగు గోకే ఓపిక ఉంటే

మేడ మీది ట్యాంకు స్టాండు తుప్పు పడితే తేలాల్సింది ఒక్కటే, లోపల ఇంకా ఎంత ఉక్కు మిగిలింది అని. పొలుసులు చూసి చెప్పలేం. తుప్పు తాను తిన్న ఇనుముకు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, అందుకే లావెక్కినట్టు కనిపించే చోటే లోపల పలచబడి ఉంటుంది. పైపులకీ బాక్సు సెక్షన్లకీ లోపలి వైపు వెర్నియర్ (దవడలతో పట్టి మందం కొలిచే కొలబద్ద) పట్టదు. ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకు దొరికే, 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ ఉన్న చిన్న అల్ట్రాసోనిక్ గేజ్ పనికొచ్చేది అక్కడే. ఒక వైపు నుంచి శబ్దతరంగం పంపి, అవతలి ముఖం నుంచి తిరిగొచ్చే సమయాన్ని బట్టి మందం చెబుతుంది. ఉక్కుకు వేగం సెకనుకు 5900 మీటర్లు పెట్టుకోవాలి.

అసలు చిక్కు రంగుతో. ఈ తరహా చవక గేజ్‌లు మొదటి ప్రతిధ్వనినే లెక్కిస్తాయి కాబట్టి రంగును కూడా ఉక్కు కిందే జమ కట్టేస్తాయి. పైగా రంగులో శబ్దం నెమ్మది. 0.4 మి.మీ. రంగు పొర తెర మీద దాదాపు 1 మి.మీ. ఉక్కుగా కనిపిస్తుంది. పోయిన ఉక్కును రంగు పూడ్చేసి చూపిస్తుందన్నమాట! రూపాయి బిళ్ళంత చోట ఎమెరీతో మెరిసేదాకా గీకి, గ్రీజో గ్లిజరినో రాసి, ప్రోబ్ కదలకుండా ఆనించాలి. ముందు వెర్నియర్‌తో కొలిచిన మంచి ముక్క మీద సరిచూసుకోవడం మరవొద్దు. రంగును వదిలేసి కొలిచే ఎకో-టు-ఎకో రకం కూడా ఉంది, ధర ఎక్కువ. పెయింటు గోకనివ్వని చోట్ల అదే కొనాలి.

ఎక్కడ కొలవాలన్నది గేజ్ చెప్పదు. బేస్ ప్లేటుకు పైన బెత్తెడు, గసెట్ల (కమ్మీలు కలిసే చోట వేసే పలకల) మూలలు, వీపుకు వీపు ఆనించిన రెండు యాంగిళ్ల (ఎల్ ఆకారపు ఉక్కు కమ్మీల) సందు, నీళ్లు కారే చోటు: ఉక్కు ముందు పోయేది అక్కడే. ఒక్కో చోట అయిదు రీడింగులు తీసుకుని సగటు కట్టేవాళ్లున్నారు. అది తప్పు. మళ్లీ కొలిచినా నిలిచే కనిష్ఠ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి, కాలు విరిగేది పలచటి చోటే కాబట్టి.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో 50×50×6 యాంగిల్‌తో (రెండు రెక్కలు చెరో 50 మి.మీ. వెడల్పు, మందం 6 మి.మీ.) చూడండి. రెండు ముఖాల నుంచీ చెరో మిల్లీమీటరు పోతే 4 మి.మీ. మిగులుతుంది. కోత విస్తీర్ణం 568 నుంచి సుమారు 388 చదరపు మి.మీ.కి, అంటే దాదాపు మూడో వంతు తగ్గింది. రెక్క వంగకుండా నిలిచే బిగువు మాత్రం మందం ఘనాన్ని బట్టి పడిపోతుంది, మిగిలేది 30 శాతమే. ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 800:2007 ప్రకారం మామూలు 250 గ్రేడు ఉక్కులో, ఒత్తిడి మోసే ఒంటి యాంగిల్‌కి రెండు రెక్కల వెడల్పు కలిపి మందానికి 25 రెట్లు దాటితే అది స్లెండర్ (పూర్తి బలం చూపకముందే రెక్క వంగిపోయే పలచటి రకం) కింద లెక్క. 100ని 4తో భాగిస్తే సరిగ్గా 25! మరో అర మిల్లీమీటరు పోతే మిగిలిన విస్తీర్ణం మొత్తాన్ని కూడా నమ్మడానికి లేదు. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువు, ఆపై గాలి తోపుడు.

దీంతో కానివీ ఉన్నాయి. పైకప్పు రేకులు కొలవకండి, 1 మి.మీ. లోపు మందానికి రెట్టింపు అంకె చూపించగలదు. పైకి కనిపించే సన్నటి గుంటలో ప్రోబ్ దిగదు, దానికి వెర్నియర్ వెనక సూదే గతి. వెల్డు పగుళ్లు అసలే దొరకవు. తుప్పు పొర వెనక రీడింగు ఊగిసలాడితే అవతలి ముఖం గుంటలు పడిందని అనుమానించి, సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమనకుండా బొదబొదమంటే అక్కడ ఉక్కు పోయినట్టే.

పైపు కాళ్ల స్టాండ్లకి, షెడ్డు స్తంభాలకి వాడేటట్టయితే ఈ గేజ్‌కి అయిదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. గసెట్లూ బోల్టులూ ఎక్కువున్న హోర్డింగు ఫ్రేములకి రెండున్నర చాలు, తుప్పంతా గేజ్ అందని సందుల్లోనే ఉంటుంది.

కొలత అయ్యాక గ్రీజును థిన్నర్‌తో తుడిచి అదే రోజు ప్రైమర్ వేయండి. లేకపోతే గీకిన బిళ్ళలే అన్నిటికన్నా ముందు తుప్పు పడతాయి. కొలిచిన చోటు బేస్ ప్లేటు నుంచి ఎన్ని మి.మీ. ఎత్తో తేదీతో సహా రాసి ఉంచితే, వచ్చే ఏడు ప్రోబ్ అక్కడే పెట్టొచ్చు.