పాత క్యాంపర్ వ్యాన్‌లో డీజిల్ హీటర్: ఉంచాలా, పీకేయాలా?

అనంతపురంలో తిరిగే క్యాంపర్ వ్యాన్‌కు, అంటే లోపలే పడుకునే వీలున్న బండికి, డీజిల్ కాల్చి లోపల వెచ్చబరిచే హీటర్ ఎందుకని అడిగేవాళ్ళను తప్పుపట్టలేం. ఇక్కడ జనవరి రాత్రికి ఒక రగ్గు చాలు, హార్స్‌లీ హిల్స్ పోతే ఇంకొకటి. కానీ ఊరి పక్కనుంచే పోయే 44వ నంబరు జాతీయ రహదారి అటు శ్రీనగర్ దాకా ఉంది. చలికాలంలో ఆ దిక్కు పోయే ఉద్దేశం ఉంటేనే హీటర్‌కు బండిలో చోటివ్వాలి. లేదంటే సీటు కింద ఆ జాగాలో నీళ్ళ క్యాన్ పెట్టుకోవడం మేలు.

పాత టెంపో ట్రావెలర్‌తో పాటే వచ్చిన 2 కిలోవాట్ల డీజిల్ హీటర్‌ను ఏళ్ళ తరబడి వాడాక రాస్తున్నది ఇది. వేడికి వంక పెట్టడానికేమీ లేదు. సన్నమంట మీద గంటకు 100 నుంచి 120 మి.లీ. డీజిల్, నిండుమంట మీద పావు లీటరు. రాత్రంతా సన్నమంట మీద నడిస్తే సుమారు లీటరు.

కరెంటు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. మొదట్లో డీజిల్‌ను అంటించే గ్లో ప్లగ్ కాసేపు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, మంట అంటుకున్నాక ఒకటి రెండు చాలు. బ్యాటరీ ముసలిదైనా, తీగ సన్నదైనా వోల్టేజీ అక్కడే కుంగిపోయి మంట పట్టదు. షెడ్డులో దాన్ని చూసి "హీటర్ పోయింది" అనేస్తారు. ముందు హీటర్ కనెక్టర్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి స్టార్ట్ చేయించండి. 11 వోల్టుల కిందికి దిగితే తప్పు హీటర్‌ది కాదు. 4 చదరపు మి.మీ. రాగి తీగ కొత్తది లాగి మళ్ళీ చూడండి.

అసలు తీర్పు చెప్పేది పొగ గొట్టం. బండి కింద పడుకుని టార్చి వేసి జాయింట్లన్నీ చూడాలి. క్లాంపు చుట్టూ నల్లటి మసి చార కనబడితే అక్కడ పొగ కారుతున్నట్టే. చవక కిట్లలో వచ్చే సైలెన్సర్‌కు నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, అతుకులు కూడా గట్టిగా మూసి ఉండవు. అది ఎప్పుడూ ఫ్లోరు కింద, బయటే ఉండాలి. పాత యజమాని లోపల బిగించి ఉంటే ఆ రోజే తీసేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పితో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలగడ ఎత్తులో ఆ వాయువును పసిగట్టే అలారం తప్పనిసరి. దాని వెనక ముద్రించిన గడువు తేదీ కూడా చూడండి. (హీటర్ పీకేసి కుంపటి పెట్టుకుందాం అనేవాళ్ళూ ఉన్నారు. అంతకంటే చలికి వణకడం నయం.)

మన సీమ బండ్లకు ప్రత్యేకమైన బెడద ఇంకొకటుంది. ఎండాకాలమంతా వాడకుండా వదిలేస్తే, గాలి పీల్చే గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టేస్తుంది. గాలి చాలక డీజిల్ సగమే కాలుతుంది, తెల్లటి పొగ ఆగదు, బర్నర్ నిండా మసి. స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాల తెల్లపొగ మామూలే. ఆ తర్వాతా వస్తుంటే ముందు ఆ గొట్టంలో తీగ పెట్టి చూడండి. వాడని రోజుల్లో గాలి గొట్టం, పొగ గొట్టం రెండింటి మూతికీ గుడ్డ కుక్కి ఉంచితే ఈ బాధ ఉండదు, అయితే స్టార్ట్ చేసే ముందు తీయడం మరవొద్దు.

మసికి ఇంకో కారణం రోజుల తరబడి సన్నమంట మీదే నడపడం. ఆపే ముందు పది, పదిహేను నిమిషాలు నిండుమంట మీద ఉంచితే చాలావరకు కాలిపోతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, హీటర్‌కు డీజిల్ అందించే పంపు అదే వేగంతో నడిస్తే డీజిల్ ఎక్కువై మసి ఇంకా పేరుకుంటుంది. ఎత్తుకు తగ్గట్టు పంపు తగ్గించే సెట్టింగు కంట్రోలర్‌లో ఉందేమో చూసుకోండి. లడఖ్ చలికి అనంతపురంలో పోయించిన డీజిల్ మైనంలా గడ్డకడుతుంది. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చింది. పైకి పోయే ముందే ట్యాంకులో అది ఉండాలి.

నెలకోసారి, ఎండాకాలంలోనూ, తెల్లవారుజామున తలుపులు తీసి పావుగంట నడపండి. లోపలి వేడిని బట్టి మంటను మార్చే థర్మోస్టాట్ మీద పెడితే మన వేడికి అది మంట పెంచదు, మంట స్థాయిని మనమే ఎంచుకునే లెవెల్ మోడ్‌లో పెట్టాలి. ఆపేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయొద్దు. హీటర్ స్విచ్ నొక్కి ఆపాక ఫ్యాను దానంతట అదే ఆగేదాకా కరెంటు ఉండాలి, లేకుంటే లోపలి వేడికి ప్లాస్టిక్ భాగాలు, సర్క్యూట్ బోర్డు దెబ్బతింటాయి.

గ్లో ప్లగ్, దాని జాలీ, గాస్కెట్ మార్చుకుంటే బాగుపడే హీటర్‌ను ఉంచుకోండి. మంట వేడిని లోపలి గాలికి అందిస్తూ పొగను వేరుగా ఉంచే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగులు కనబడితే మాత్రం బేరం లేదు, తీసేయండి. తీసేటప్పుడు డీజిల్ పైపును ట్యాంకు దగ్గరే బిగించి మూయాలి, ఫ్యూజు పీకాలి, ఫ్లోరు రంధ్రాలకు రేకు, సీలెంటు వేయాలి. వదిలేస్తే సీమ రోడ్ల దుమ్మంతా పడక మీదికే వస్తుంది.